కళ్లజోడు వెతుకులాట: అనిశ్చితినీ ఊహించే కష్టాన్నీ విడివిడిగా కొలవడం ఎలా?

మీరు కళ్లజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయారు. ఇంట్లో ఐదు చోట్లున్నాయి, వాటిలో ఏదో ఒకచోట ఉంటుంది. ఎక్కడుందో చూసిన చిన్నపిల్లాడు ఒకడున్నాడు గానీ నోరు విప్పడు. మీరు ఏదైనా అడిగితే అవుననో కాదనో తల ఊపుతాడు, అంతే. అయినా ఫరవాలేదు. "వంటింట్లో గానీ స్నానాల గదిలో గానీ ఉందా?" అని ఒక్క ప్రశ్నతో రెండు చోట్ల సంగతి తేల్చేయొచ్చు.

ఇప్పుడు ఆ పిల్లాడు లేడనుకోండి. ఎవరూ చూడలేదు. మీరే లేచి ఒక్కో చోటికీ వెళ్లి చూడాలి. రెండు చోట్లను కలిపి ఒకేసారి చూడటం కుదరదు.

మొదటిది ప్రశ్నలతో తేల్చే కష్టం. రెండోది ఒక్కొక్కటిగా ఊహించి చూసే కష్టం. ఎంట్రోపీ (అనిశ్చితి ఎంతో చెప్పే అంకె) కొలిచేది మొదటిదాన్ని. పాస్‌వర్డు కనిపెట్టాలని చూసేవాడు పడేది రెండోది, ఎందుకంటే "నీ పాస్‌వర్డు ఈ సగంలో ఉందా, ఆ సగంలో ఉందా?" అని ఏ లాగిన్ పేజీనీ అడగలేం. అయినా చాలామంది మొదటి కష్టాన్ని కొలిచి, ఆ అంకెను రెండోదానికి తగిలిస్తారు. ఈ రెంటినీ విడివిడిగా కొలవడం ఎలాగో చూద్దాం. కావలసింది లాగరిథమ్ ఉన్న క్యాలిక్యులేటరు లేదా స్ప్రెడ్‌షీటు. గణితం ఇంటర్ స్థాయి దాటదు.

1. ముందు జాబితా, దాంతోపాటు ఎవరు ఊహిస్తున్నారన్నది

వీలున్న జవాబులన్నీ కాగితం మీద రాయండి. ఒకదానిలో ఇంకొకటి కలవకూడదు, ఏదీ జారిపోకూడదు. సులువుగా కనిపిస్తుంది గానీ, సగం తప్పులు ఇక్కడే పుడతాయి. తెలుగు పాఠంలో తర్వాతి అక్షరం ఏమిటో ఊహించే కష్టాన్ని కొలవాలనుకుందాం. "క్షే" ఒక అక్షరమా, లేక కంప్యూటరు దాచుకున్నట్టు నాలుగు సంకేతాలా (క, పొల్లు, ష, ఏత్వం)? రెండు లెక్కలూ సరైనవే. కానీ ఒక లెక్కలో వచ్చిన బిట్లను (అనిశ్చితిని అవును-కాదు ప్రశ్నల లెక్కన కొలిచే కొలమానం) రెండో లెక్కలో వచ్చినవాటితో పోల్చకూడదు. ఏ ప్రమాణం వాడారో జాబితా పైనే రాసి పెట్టుకోండి.

అనిశ్చితి వస్తువులో ఉండదు, వెతికేవాడికి తెలిసినదాన్ని బట్టి ఉంటుంది. కళ్లజోడు ఎక్కడుందో పిల్లాడికి తెలుసు, కాబట్టి వాడికి అనిశ్చితి సున్నా. అందుకే "ఈ పాస్‌వర్డు ఎంట్రోపీ ఎంత?" అన్న ప్రశ్నకు నిజానికి అర్థం లేదు. ఆ పాస్‌వర్డును ఎంచుకున్న పద్ధతికి ఎంట్రోపీ ఉంటుంది. ఆ పద్ధతి గురించి ఎదుటివాడికి ఎంత తెలుసన్నదాన్ని బట్టి అది మారుతుంది.

2. సంభావ్యతలు వేసి, పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చండి

కళ్లజోడు పోయిన ప్రతిసారీ ఎక్కడ దొరికిందో రాసుకుంటూ వచ్చారనుకుందాం. 50 సార్లకు లెక్క ఇలా ఉంది:

మంచం పక్క బల్ల: 20 సార్లు, అంటే 0.4
వంటిల్లు: 10 సార్లు, 0.2
స్నానాల గది: 10 సార్లు, 0.2
చొక్కా జేబు: 5 సార్లు, 0.1
సోఫా సందు: 5 సార్లు, 0.1

మొత్తం 1 వచ్చిందో లేదో చూసుకోండి. ఎంట్రోపీకి ఈ వరుసతో పనిలేదు, ఎలా పేర్చినా అంతే వస్తుంది. ఊహల లెక్కకు మాత్రం వరుసే ప్రాణం.

3. ఎంట్రోపీ కట్టండి

1928లో రాల్ఫ్ హార్ట్లీ చేసిన పని చాలా సూటిగా ఉంటుంది: ఎన్ని జవాబులున్నాయో లెక్కపెట్టు, దానికి లాగరిథమ్ తీయి. ఐదు చోట్లకు ఆధారం 2తో లాగ్ తీస్తే 2.32 బిట్లు. ఏ చోటికి ఎంత అవకాశముందో ఈ లెక్కకు పట్టదు. ఆ లోటును 1948లో క్లాడ్ షానన్ పూరించాడు. ఒక జవాబు ఎంత అరుదైతే, అది నిజమని తెలిసినప్పుడు అంత ఆశ్చర్యం. సంభావ్యతకు లాగ్ తీసి, గుర్తు మారిస్తే ఆ ఆశ్చర్యం ఎన్ని బిట్లో వస్తుంది. 0.4కి 1.32 బిట్లు, 0.2కి 2.32, 0.1కి 3.32. క్యాలిక్యులేటరులో ఆధారం 2 లేకపోతే సహజ లాగ్ తీసి 0.6931తో భాగించండి.

ఒక్కో ఆశ్చర్యాన్ని దాని సంభావ్యతతో గుణించి, అన్నీ కూడండి:

0.4 × 1.32 = 0.529
0.2 × 2.32 = 0.464, ఇలాంటివి రెండు కాబట్టి 0.929
0.1 × 3.32 = 0.332, ఇవీ రెండు కాబట్టి 0.664

మొత్తం 2.12 బిట్లు. ఇది షానన్ ఎంట్రోపీ. హార్ట్లీ లెక్క కన్నా తక్కువ వచ్చింది. బల్ల మీద దొరికే అవకాశం ఎక్కువన్న సంగతి మీకు ముందే తెలుసు, ఆ తెలిసినంత మేరా అనిశ్చితి తగ్గింది.

ఈ 2.12 ఊరికే వచ్చిన అంకె కాదని పిల్లాడితో ఆడి చూస్తే తెలుస్తుంది. మొదటి ప్రశ్న: "వంటిల్లు గానీ స్నానాల గది గానీ?" అవునంటే ఇంకో ప్రశ్నతో తేలిపోతుంది, మొత్తం రెండు. కాదంటే "బల్ల మీదా?" అనడగండి. అవునంటే రెండే ప్రశ్నలు. మళ్లీ కాదంటే జేబా, సోఫానా అని మూడోది. సగటు తీస్తే 0.8 × 2 + 0.2 × 3 = 2.2 ప్రశ్నలు. 1952లో డేవిడ్ హఫ్‌మన్ ప్రచురించిన పద్ధతితో కట్టిన ప్రశ్నల చెట్టు ఇది, ఇంతకన్నా తక్కువ సగటు ఎవరికీ రాదు. హఫ్‌మన్ సగటు ఎంట్రోపీ కన్నా ఎన్నడూ తగ్గదు, ఎంట్రోపీ కన్నా ఒక ప్రశ్నకు మించి పెరగదు.

4. ఇప్పుడు పిల్లాణ్ణి పక్కనపెట్టి ఊహలు లెక్కపెట్టండి

వరుసలో మొదటిదానికి 1, రెండోదానికి 2, ఇలా స్థానాలు వేయండి. ఒక్కో స్థానాన్ని దాని సంభావ్యతతో గుణించి కూడండి.

1 × 0.4 + 2 × 0.2 + 3 × 0.2 + 4 × 0.1 + 5 × 0.1 = 2.3

సగటున 2.3 చోట్లు చూడాలి. నాలుగు చోట్లా లేకపోతే ఐదోది చూడకుండానే తెలిసిపోతుంది కదా అనొచ్చు. తెలుస్తుంది, కానీ కళ్లజోడు చేతికి రావాలంటే అక్కడిదాకా వెళ్లాల్సిందేగా. అందుకని ఐదోదాన్ని కూడా లెక్కలో ఉంచాం. మీ సమస్యలో తెలిస్తే చాలనుకుంటే ఆ చివరి ఊహ తీసేయండి. ఏది చేసినా మొదటినుంచి చివరిదాకా అదే పాటించండి.

వరుస విలువ ఎంతో చూడండి. ఇదే జాబితాను సోఫా సందు నుంచి తలకిందులుగా వెతుక్కుంటూ వస్తే సగటు 3.7. అవకాశాలేమీ తెలియక తోచిన చోటల్లా చూస్తే 3. ఎంట్రోపీ ఎటూ మారలేదు, 2.12 దగ్గరే ఉంది. మారింది వెతికేవాడి తెలివిడి.

5. రెండు కొలతలూ ఎక్కడ విడిపోతాయో పరీక్షించండి

పై ఉదాహరణలో 2.12, 2.2, 2.3 పక్కపక్కనే ఉన్నాయి. దాంతో రెండూ ఒకటేననిపిస్తుంది. చిన్న జాబితాలతో వచ్చే చిక్కే ఇది. తేడా తెలియాలంటే జాబితా పెద్దదిగా, బాగా ఒక పక్కకు ఒరిగి ఉండాలి. ఈ లెక్క మీ చేత్తో మీరే ఒకసారి వేసి చూడండి. నన్నడిగితే ఈ వ్యాసంలో ఒక్క మెట్టే చదవాల్సి వస్తే ఇదే చదవమంటాను.

రెండు తాళాలున్నాయనుకోండి. మొదటిదానికి 2,048 సంకేతాలు, అన్నిటికీ సమానావకాశం. దాని ఎంట్రోపీ సరిగ్గా 11 బిట్లు.

రెండోదాని యజమాని బద్ధకస్తుడు. నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే అందరికీ తెలిసిన ఒకే ఒక సంకేతం పెట్టేస్తాడు. బొరుసు పడితే మాత్రం అది కాని 2 ఘాతం 20, అంటే 10,48,576 సంకేతాల నుంచి ఒకటి యాదృచ్ఛికంగా తీస్తాడు. ఎంట్రోపీ ఎంత? నాణేనికి 1 బిట్టు. సగం సార్లు 20 బిట్లు అదనం, అంటే సగటున 10. మొత్తం 11 బిట్లు.

రెండు తాళాలకూ ఎంట్రోపీ అచ్చంగా ఒకటే. ఇప్పుడు ఊహించండి.

మొదటి తాళాన్ని ఒక్క ఊహతో తెరిచే అవకాశం 2,048లో ఒక వంతు, దాదాపు 0.05 శాతం. రెండోది 50 శాతం. పది ఊహలిస్తే మొదటిదానికి 0.49 శాతం, రెండోదానికి అదే 50 శాతం, మరో పిసరు. ఇలా చూస్తే రెండోది తాళమే కాదు.

సగటు ఊహలు చూస్తే కథ తిరగబడుతుంది. మొదటిదానికి సగటు 1,024.5. రెండోదానికి సగం సార్లు ఒకే ఊహ, మిగతా సగం సార్లు సగటున 5,24,289.5. రెండూ కలిపి సగటు తీస్తే 2,62,145.25. మొదటి తాళానికి 250 రెట్లు పైనే. ఇలా చూస్తే రెండోదే గట్టిది.

ఏది నిజం? రెండూ నిజమే. ఒకే తాళాలున్న వేల ఇళ్లముందు దొంగ తిరుగుతున్నాడా, ఒక్క ఇంటిముందే పట్టుబట్టి కూర్చున్నాడా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. 11 అన్న అంకె ఈ రెంటిలో దేన్నీ చెప్పదు. చెప్పడం దాని పని కూడా కాదు.

1994లో జేమ్స్ మాస్సీ ఈ సంగతినే సూత్రంగా పెట్టాడు. ఎంట్రోపీ 2 బిట్లకు తగ్గకుండా ఉంటే, సగటు ఊహల సంఖ్య (2 ఘాతం ఎంట్రోపీలో నాలుగో వంతు + 1) కన్నా తగ్గదు. 11 బిట్లకు ఈ అడుగు హద్దు 513. కళ్లజోడుకు 2.09, మనకు వచ్చింది 2.3, సరిపోయింది. పై హద్దు మాత్రం లేదు. ఎంట్రోపీని అలాగే ఉంచి సగటు ఊహలను ఎంతకైనా పెంచుకుంటూ పోవచ్చు. బద్ధకస్తుడి తాళంలో బొరుసు పడే అవకాశాన్ని తగ్గిస్తూ, బొరుసు వైపు జాబితాను పెంచుతూ వెళ్లండి, మీకే కనిపిస్తుంది.

6. ప్రయత్నాలకు పరిమితి ఉంటే: కనిష్ఠ ఎంట్రోపీ

మూడు తప్పు ప్రయత్నాలకు కార్డు ఆగిపోతుందనుకోండి. ఇక సగటుతో పనేముంది? జాబితాలో అన్నిటికన్నా పెద్ద సంభావ్యత తీసుకుని దాని ఆశ్చర్యం కట్టండి, అదే కనిష్ఠ ఎంట్రోపీ. కళ్లజోడుకు 1.32 బిట్లు. మొదటి తాళానికి 11, బద్ధకస్తుడి తాళానికి 1. దాని పక్కనే ఇంకో పట్టిక వేయండి: ఒక ఊహకు గెలిచే అవకాశం, మూడింటికి, పదింటికి, వెయ్యింటికి. వరుసగా పేర్చిన సంభావ్యతలను పైనుంచి కూడుకుంటూ వస్తే ఆ పట్టిక వచ్చేస్తుంది.

నాలుగంకెల పిన్ నిజంగా యాదృచ్ఛికంగా తీస్తే 13.29 బిట్లు. మూడు ప్రయత్నాల్లో దొరికే అవకాశం 0.03 శాతం. మనుషులు తమకు తోచింది ఎంచుకుంటే ఈ లెక్క చెల్లదు. 2009లో రాక్‌యూ అనే సైటు నుంచి సుమారు 3.2 కోట్ల పాస్‌వర్డులు బయటపడ్డాయి. వాటిలో దాదాపు 2.9 లక్షలు "123456". అంటే 0.9 శాతం, కనిష్ఠ ఎంట్రోపీ 6.8 బిట్ల దగ్గర. ఆ ఒక్క ఊహను ఖాతాకు ఒకసారి చొప్పున ప్రయత్నిస్తూ పోతే ప్రతి 110 ఖాతాలకు ఒకటి చొప్పున తెరుచుకునేది.

2012లో జోసెఫ్ బానో దాదాపు 7 కోట్ల యాహూ పాస్‌వర్డుల్లో ఏది ఎంత తరచుగా వచ్చిందో, అసలు పాస్‌వర్డులు తనకు కనబడకుండానే, ఈ పద్ధతుల్లో కొలిచాడు. ఖాతాకు కొద్ది ప్రయత్నాలే దొరికే ఆన్‌లైన్ దాడికి ఎదురుగా అవి ఇచ్చే రక్షణ 10 బిట్లకన్నా తక్కువ. దొంగిలించిన పాస్‌వర్డుల ఫైలు చేతిలో పెట్టుకుని తీరిగ్గా ఊహించే దాడికి ఎదురుగా 20 బిట్లు. ఒకే పాస్‌వర్డుల గుట్టకు రెండు అంకెలు వచ్చాయి, ఎందుకంటే దాడులు రెండు. అంతకుముందు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004 నాటి మార్గదర్శకంలో మనుషులు ఎంచుకున్న ఎనిమిది అక్షరాల పాస్‌వర్డుకు 18 బిట్లు అని లెక్కకట్టే సూత్రం ఉండేది: మొదటి అక్షరానికి 4, తర్వాతి ఏడింటికి రెండేసి. 2017 సంచికలో దాన్ని వదిలేశారు. యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే పరికరాలను పరీక్షించే ఆ సంస్థ 2018 నాటి పత్రం షానన్ కొలతను కాకుండా కనిష్ఠ ఎంట్రోపీనే అడుగుతుంది. భద్రత లెక్కల్లో అది సరైన జాగ్రత్తేనని నా అభిప్రాయం.

జవాబులన్నిటికీ సమానావకాశం ఉంటే ఈ తలనొప్పులేవీ లేవు. పాచికలు ఐదుసార్లు వేసి 7,776 మాటల జాబితా నుంచి ఒక మాట తీసే డైస్‌వేర్ పద్ధతి అలాంటిదే. మాటకు 12.9 బిట్లు, ఆరు మాటలకు 77.5. హార్ట్లీ, షానన్, కనిష్ఠ, ఏ కొలతతో కొలిచినా ఒకటే అంకె.

7. పరిమితి లేకపోతే: వర్గమూలాల లెక్క

పట్టు వదలకుండా చివరిదాకా ఊహించేవాడి సగటు శ్రమ కావాలా? జాబితా చిన్నదైతే 4వ మెట్టు చాలు. పెద్దదైతే అంత వరుసా పేర్చి కూర్చోలేం. దానికి 1996లో ఎర్దాల్ అరికాన్ దారి చూపించాడు. సంభావ్యతలకు వర్గమూలాలు తీసి, కూడి, ఆ మొత్తాన్ని వర్గం చేయండి. సగటు ఊహల సంఖ్య ఎప్పుడూ దీనికి లోపే ఉంటుంది. దీన్ని (1 + జాబితా పొడవుకు సహజ లాగ్)తో భాగిస్తే కింది హద్దు వస్తుంది.

కళ్లజోడుకు వర్గమూలాల మొత్తం 2.159, దాని వర్గం 4.66. కింది హద్దు 1.79. అసలు సగటు 2.3 ఈ రెంటి మధ్య పడింది. బద్ధకస్తుడి తాళానికి వర్గం 5,25,312. అసలు సగటు 2,62,145, అంటే దాదాపు అందులో సగం. 11 బిట్లు ఎక్కడ, ఇది ఎక్కడ! ఈ వర్గానికి ఆధారం 2తో లాగ్ తీస్తే 19 బిట్లు. 1961లో ఆల్‌ఫ్రెడ్ రేనీ ప్రచురించిన ఎంట్రోపీల కుటుంబంలో (ఒక్కోదాన్ని క్రమం అనే అంకెతో గుర్తిస్తారు) ఇది అర క్రమం గల సభ్యురాలు. షానన్ ఎంట్రోపీ అదే కుటుంబంలో ఒకటో క్రమం, కనిష్ఠ ఎంట్రోపీ అనంత క్రమం, హార్ట్లీది సున్నా క్రమం. మనం వాడుతున్నవన్నీ ఒకే ఇంటివాళ్లే.

ఒకే ప్రయోగం చాలాసార్లు జరిగితే తేడా ఇంకా పెద్దదవుతుంది. 90 శాతం బొమ్మ పడే నాణెం తీసుకుని 100 సార్లు ఎగరేసి, మొత్తం వరుసను ఊహించమన్నారనుకోండి. ఒక్కో ఎగురుకు షానన్ ఎంట్రోపీ 0.469 బిట్లు, మొత్తం 46.9. మామూలుగా కనిపించే వరుసలు సుమారుగా 2 ఘాతం 47 ఉంటాయి, వాటిలో వెతికితే చాలనిపిస్తుంది. కానీ వర్గమూలాల లెక్క చూడండి: 0.9, 0.1 వర్గమూలాలు కూడి వర్గం చేస్తే సరిగ్గా 1.6. వందసార్లకు 1.6 ఘాతం 100, అంటే 2 ఘాతం 67.8. సగటు ఊహల సంఖ్య దీనికి మహా అయితే 70 రెట్లు తక్కువ, అది ఆరు బిట్ల తేడా. 47కి మాత్రం దగ్గరకు రాదు.

ఎందుకిలా? బొరుసులు బాగా ఎక్కువగా పడ్డ వరుసలు అరుదే. కానీ అవి వచ్చినప్పుడు వాటి వంతు వచ్చేదాకా వేయాల్సిన ఊహలు లెక్కలేనన్ని. ఆ అరుదైన సందర్భాలే సగటును పైకి లాగేస్తాయి. అందుకే సగటును ఒంటరిగా ఎక్కడా రాయకండి. సగం సార్లు గెలవడానికి ఎన్ని ఊహలు కావాలో కూడా పక్కన రాయండి. బద్ధకస్తుడి తాళానికి ఆ అంకె 1.

8. లెక్క కొద్ది నమూనా నుంచి వస్తే దిద్దుకోండి

50 సార్లు చూసి సంభావ్యతలు వేశాం కదా. ఇలా నమూనా నుంచి నేరుగా కట్టిన ఎంట్రోపీ సగటున అసలుకన్నా తక్కువే వస్తుంది. మిల్లర్, మాడో పేర్ల మీదున్న సులువైన దిద్దుబాటు ఒకటుంది: జాబితా పొడవులోంచి 1 తీసేసి, నమూనా సంఖ్యకు రెట్టింపుతో భాగించి, బిట్ల కోసం 0.6931తో మళ్లీ భాగించి, కలపండి. ఇక్కడ 4ని 100తో భాగిస్తే 0.04, అంటే 0.058 బిట్లు. ఎంట్రోపీ 2.18 అయింది.

ఈ దిద్దుబాటు ఆరో చోటును పట్టుకోలేదు. 50 సార్లలో ఒక్కసారీ కళ్లజోడు ఫ్రిజ్‌లో దొరకలేదు కాబట్టి అక్కడ ఉండదని కాదు. ఎంట్రోపీకి ఇలాంటి అరుదైన చోటు పెద్ద తేడా తేదు. సగటు ఊహలను మాత్రం జాబితా చివరన ఉండే అరుదైన జవాబుల తోకే నడిపిస్తుందని ఇప్పుడే చూశాం. అందుకని నమూనా చిన్నదైతే తల భాగం లెక్కలు (కనిష్ఠ ఎంట్రోపీ, మొదటి పది ఊహల గెలుపు) నమ్మొచ్చు, తోక మీద ఆధారపడే సగటును నమ్మొద్దు. ఒక్కోసారే కనిపించిన జవాబులు జాబితాలో సగానికి పైగా ఉంటే ఇంకా చాలానే మీ కంట పడలేదని గుర్తు.

9. సంభావ్యతలే దొరక్కపోతే మనిషినే పరికరంగా వాడండి

భాష ఇందుకు మంచి ఉదాహరణ. ముందున్న వంద అక్షరాలు చదివాక తర్వాతి అక్షరానికి సంభావ్యత ఎంతో ఏ పట్టికలోనూ ఉండదు. 1951లో షానన్ దీన్ని భలేగా దాటాడు. మనుషులకు ఇంగ్లీషు పాఠం చూపించి, తర్వాతి అక్షరం ఊహించమన్నాడు. తప్పయితే ఇంకోటి చెప్పమన్నాడు, దొరికేదాకా. ఎన్నో ఊహకు దొరికిందో ఆ అంకె మాత్రం రాసుకున్నాడు. అక్షరాల వరుస కాస్తా 1, 1, 3, 1, 2 లాంటి అంకెల వరుసగా మారింది. అదే తీరుగా ఊహించే ఇంకొకరుంటే ఆ అంకెల నుంచి పాఠాన్ని తిరిగి రాబట్టొచ్చు, కాబట్టి సమాచారం ఏమీ పోలేదు. ఆ అంకెల ఎంట్రోపీ కడితే భాష ఎంట్రోపీకి పై హద్దు వస్తుంది. 26 అక్షరాలు, ఖాళీతో కలిపి 27 గుర్తులకు హార్ట్లీ లెక్కలో 4.75 బిట్లు. షానన్‌కు వచ్చింది అక్షరానికి 0.6 నుంచి 1.3 బిట్లు.

మీరూ ఇంట్లో చేయొచ్చు. ఊహించేవాళ్లు చదవని పాఠం తీసుకోండి. ఒక అక్షరం తప్ప మిగతాది కాగితంతో మూసి, ఒక్కొక్కటే బయటపెట్టండి. కనీసం వంద అక్షరాలైనా ఆడాలి, అంతకు తక్కువైతే 8వ మెట్టులోని లోపం మింగేస్తుంది. ఎన్ని ఊహలు పట్టాయో అంకెలు రాయండి, 1 ఎన్నిసార్లు, 2 ఎన్నిసార్లు అని లెక్కపెట్టి, 3వ మెట్టు చేయండి. పద మొదట్లో ఊహలు ఎక్కువ పడతాయి, ప్రత్యయాల దగ్గరికొచ్చేసరికి మొదటి ఊహే తగులుతుంది. విడివిడిగా రాసుకుంటే చూడముచ్చటగా ఉంటుంది.

10. అంకెలు వరుసలో ఉన్నాయో లేదో చూడండి

కట్టిన కొలతలన్నీ ఒకచోట రాయండి. కనిష్ఠ ఎంట్రోపీ, షానన్, అర క్రమం రేనీ, హార్ట్లీ. ఇవి ఇదే క్రమంలో పెరుగుతూ పోవాలి, లేదా సమానంగా ఉండాలి. కళ్లజోడుకు, దిద్దుబాటు కలపకముందు, 1.32, 2.12, 2.22, 2.32. బద్ధకస్తుడి తాళానికి 1, 11, 19, 20.

ఎక్కడైనా వరుస తప్పిందంటే లెక్కలో తప్పుంది. మొదట సంభావ్యతల మొత్తం 1 వచ్చిందా చూడండి. వచ్చినా సరిపోలేదంటే ఒక కొలతకు ఆధారం 2, ఇంకోదానికి సహజ లాగ్ వాడి ఉంటారు. స్ప్రెడ్‌షీటులో అయితే లాగ్ ఫంక్షనుకు ఆధారం చెప్పకపోతే చాలాచోట్ల 10 అనుకుంటుంది. అప్పుడు అంకెలన్నీ 3.32 రెట్లు తగ్గి కనిపిస్తాయి.